పై వాటా షరతు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకి ఇల్లు వెతికి చూడు అనలేదు. వాళ్లకి ఆ అవసరం పడి ఉండదు, అదృష్టవంతులు. పడి ఉంటే, మా దుర్గాభవానిలాగా అమలాపురం వీధులన్నీ చెప్పులరిగేలా తిరిగి ఉంటే, ఆ సామెతలో మూడో ముక్క కూడా తప్పకుండా చేరేది.

దుర్గాభవాని ఊళ్లో ఒక బట్టల కొట్లో చీరల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. భర్త ధర్మరాజు దిండిలో హౌస్‌బోటుకి సరంగు. టూరిస్టులున్నన్నాళ్లూ అతను నీళ్ల మీదే ఉంటాడు, ఇంటికొచ్చేది చుట్టపుచూపుగా. ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్లు. అత్తగారు బంగారమ్మకి ఎనభై దాటాయి, పైగా ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట కూలబడాలి. ఈమధ్య డాక్టరుగారు చీటీ మీద కొత్త మందేమీ రాయకుండా, జాగ్రత్తగా చూసుకోండమ్మా అని పంపేశారు. డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో అందరికీ తెలుసు. దుర్గాభవానికీ తెలుసు. అందుకే ఆవిడకి అంత తొందర.

ఆవిడ వెతికే ఇల్లు మామూలుది కాదు మరి. కుళాయి ఎప్పుడొస్తుంది, మీటరు వేరేనా, మేకులు కొట్టుకోవచ్చా అని అడిగే మనిషయితే ఇల్లు ఎప్పుడో దొరికేది. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఇంట్లో మనిషి పోతే శవాన్ని ఇంట్లోకి రానివ్వాలి. గేటుకి తాళం వెయ్యకూడదు. దినకర్మలు అయ్యేదాకా ఖాళీ చెయ్యమనకూడదు. ఈ ముక్క కాగితం మీద రాసి, కింద ఓనరు సంతకం పెట్టాలి. శుభమా అని ఇల్లు అద్దెకిస్తుంటే ఎదురుగా నిలబడి ఆ మాట అడిగితే ఎవరిస్తారండీ? అయినా ఆవిడ అడిగింది. ఎందుకడిగిందో చెప్తాను.

కిందటేడు శ్రావణమాసంలో ఆవిడ మావగారు బంగారయ్య ఆస్పత్రిలో పోయాడు. అప్పుడుంటున్న ఇంటి ఓనరు చాలా మంచివాడు, కనీసం అలా అనుకునేవారు. పండగొస్తే బూరెలు పంపేవాడు. నువ్వు మా అమ్మాయితో సమానమమ్మా అనేవాడు. అంబులెన్సు వచ్చి ఇంటిముందు ఆగేసరికి గేటుకి తాళం వేసుంది. తాళానికి అవతల ఓనరుగారు చేతులు జోడించుకుని నిలబడ్డాడు. కోనసీమ మర్యాద ఎక్కడికి పోతుంది, తాళం వేసి కూడా ఏమీ అనుకోకండి అన్నాడు. తన కోడలు నిండు నెలల మనిషట, ఇంట్లోకి శవం రాకూడదట, మీరైనా ఆలోచించాలట. ధర్మరాజు బతిమాలాడు. దుర్గాభవాని ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఓనరు తాళం మాత్రం తియ్యలేదు.

పోనీ సొంతూరు తీసుకుపోదామంటే ఊళ్లో ఇల్లు లేదు. సఖినేటిపల్లి దాటాక ఏటిగట్టు వారనుండే ఆ ఇంటిని గోదావరి ఎప్పుడో కోసుకుపోయింది. చివరికి బంగారయ్యని రోడ్డు వారన, మురిక్కాలవ పక్కన బల్ల వేసి పడుకోబెట్టారు. కొబ్బరికాయల లారీవాడు జాలిపడి ఇచ్చిన టార్పాలిన్ పట్టా పైన కట్టారు. అంతలో వాన మొదలైంది. పట్టా తలవైపు చాల్లేదు. బంగారమ్మ మొగుడి మొహం మీద గొడుగు పట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోయాయి. దారినపోయే మనిషెవరో బండాపి, యాక్సిడెంటా అండీ అని అడిగాడు. దానికి తనేం జవాబు చెప్పిందో దుర్గాభవానికి గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయింది, అది మాత్రం గుర్తుంది. పరువుగా బతికిన మనిషి, ఒకరి జోలికి పోని మనిషి, దిక్కులేనివాడిలా రోడ్డు మీంచి వెళ్లిపోయాడు.

బంగారమ్మ ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి కోడలికి భయం ఎక్కువైంది. ముసలావిడ తన వంతు గురించి లోలోపల కుమిలిపోతోందనీ, పైకి చెప్పుకోలేకపోతోందనీ అనుకుంది. ఈవిడనైనా గుమ్మంలోంచి సాగనంపాలని పట్టుపట్టింది. ఆ పట్టు ఎంతవరకూ పోయిందంటే, అత్తకి అన్నం పెడుతున్నా, మందేస్తున్నా ఆవిడ కళ్లకి గేటూ తాళమే కనిపించేవి.

పాత ఇల్లు వదిలేశాక ఒక వెనక వాటాలో తలదాచుకున్నారు. ఇప్పుడు ఆ వాటా పడగొట్టి అపార్టుమెంటు కడతారట, మూఢం వచ్చేలోపు ఖాళీ చెయ్యమన్నారు. మూఢంలో కొత్తింట్లో పాలు పొంగించకూడదు, ఇల్లు మారకూడదు. అంచేత టైము కూడా లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కొట్లో పక్క కౌంటరులో ఉండే తులసి ఒక సలహా పారేసింది. అద్దెకున్నవాళ్లకి ఇప్పుడు గట్టి చట్టాలున్నాయట. ఓనర్లు కిక్కురుమనడానికి లేదట. పెద్ద పట్నాల్లో అయితే అద్దెకున్నవాణ్ణి కదపడం బ్రహ్మ తరం కూడా కాదట, ఫోనులో చూసిందట. ఎవరైనా లాయరు గారిని పట్టుకో అంది. దుర్గాభవానికి ప్రాణం లేచొచ్చింది. చట్టం ఉంటే ఇంకేం కావాలి?

లాయరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి భార్య ఆ కొట్లోనే చీరలు కొంటుంది. ఆ పరిచయం పట్టుకుని దుర్గాభవాని ఆయన ఆఫీసుకి వెళ్లింది. పేరెంత పొడుగో ఆయన మాటా అంత పొడుగు. అద్దె చట్టాల్లో ఒకటి పాతదట, ఒకటి కొత్తదట. పాతది పోయిందా అంటే పూర్తిగా పోలేదట, కొత్తది వచ్చిందా అంటే వచ్చినట్టేనట. అందరూ పదకొండు నెలలకే ఎందుకు రాసుకుంటారంటే రిజిస్ట్రేషను తప్పించుకోడానికట. తప్పించుకుంటే ఎవరికి నష్టం అంటే ఇద్దరికీనట. మరెందుకు తప్పించుకుంటున్నారంటే అందరూ అంతేనట. నోటీసు లేకుండా ఖాళీ చేయించకూడదు, కరెంటు తీసెయ్యకూడదు, సామాను బయట పారెయ్యకూడదు అని ఆయన వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చారు. దుర్గాభవాని తలూపుతూ కూర్చుంది. తనకి కావలసింది ఏ వేలు దగ్గర వస్తుందా అని చూసింది. చేతులు రెండూ అయిపోయాయి గానీ అది రాలేదు. ఇంక ఆగలేక, మనిషి పోతే ఇంట్లోకి రానివ్వాలని ఎక్కడైనా ఉందాండీ అని అడిగేసింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చట్టంలో అద్దెదారంటే బతికున్న మనిషమ్మా. పోయినాయన అద్దెదారు కాదు, అలాగని చుట్టమూ కాదు. ఆయన్నేమనాలో ఏ సెక్షన్లోనూ నాకు కనపళ్లేదు."

మరి తాళం వేస్తే ఏం చెయ్యాలంటే కేసు వెయ్యచ్చన్నారు. తీర్పు వచ్చేదాకా శవం ఆగుతుందాండీ అని దుర్గాభవాని అడగలేదు, ఆయనే అడిగి ఆయనే నవ్వబోయి మానేశారు. తర్వాత ఒక దారి చూపించారు. చట్టంలో లేకపోతే మానె, అగ్రిమెంటులో షరతుగా రాయించుకోవచ్చు, ఓనరు సంతకం పెడితే అదే గట్టి రక్షణ అన్నారు. అని, ఆ షరతు ఆయనే రాసిచ్చారు: సదరు గృహమందు నివసించువారిలో ఎవరికైనను అనివార్యమగు అశుభము సంభవించిన యెడల, పార్థివ దేహమును సదరు గృహమందే యుంచుటకు ఓనరువారు ఎట్టి అభ్యంతరమును తెలుపరాదు. దుర్గాభవాని దాన్ని రోడ్డు మీద నిలబడి చదువుకుంది. ఎంత చదివినా ఆవిడకి అశుభము ఒక్కటే అర్థమైంది. అయినా చేతిలో కాగితం ఉంది కదా, ధైర్యం వచ్చింది.

ఆ కాగితం చూసి ఇళ్ల బ్రోకరు అంజిబాబు నెత్తి కొట్టుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంట్లో దిగకుండానే ఇదేం గోలక్కా అన్నాడు. ముందు పాలు పొంగించు, నాలుగు నెలలు మంచిగా ఉండు, అప్పుడు మెల్లిగా చెవిలో వేద్దాం అన్నాడు. దుర్గాభవాని వినలేదు. మంచిగా ఉన్నవాళ్ల సంగతి చూశాంలే, బూరెలు తిన్నాం, తాళమూ చూశాం, నాకు కాగితమే కావాలంది. సరే, నీ ఇష్టం అని అంజిబాబు బండి స్టార్ట్ చేశాడు.

మొదటింట్లో రిటైరైన పెద్దమనిషి కాగితాన్ని ఆసాంతం చదివి, చక్కగా మడతపెట్టి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. వీళ్లు గేటు దాటారో లేదో వెనకాల వాళ్లావిడ పసుపునీళ్లు జల్లింది. ఇంకోచోట ఓనరమ్మ, మీ ఇంట్లో ఎవరికి బాలేదు, వయసెంత, ఏం జబ్బు అని ఆస్పత్రి నర్సులా అన్నీ అడిగి, ఇల్లు నిన్ననే ఇచ్చేశామంది. మరో పెద్దాయన చాలాసేపు ఆలోచించి, మాకేం అభ్యంతరం లేదండి, కాకపోతే శనివారం మాత్రం వద్దండి అన్నాడు. శనివారం పోయిన శవం తోడు తీసుకుపోతుందని ఆయన బెంగ. దుర్గాభవానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శనివారం పోనని అత్త చేత ఎక్కడ సంతకం పెట్టించాలి?

కాలవ పక్క వీధిలో పద్మావతి అనే ఆవిడ ఇల్లు చూశారు. భర్త లేడు, ఒక వాటాలో ఉంటూ రెండో వాటా అద్దెకిస్తుంది. ముందు పొడుగాటి వరండా, కటకటాలు. దుర్గాభవాని ఇల్లు చూడనే లేదు, తిన్నగా కాగితం చేతికిచ్చింది. పద్మావతి దాన్ని రెండుసార్లు చదివింది. ఇలాంటిదాని మీద సంతకం పెట్టలేనండి అంది. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లే ఆర్నెల్లు మూసెయ్యమంటారు కదండీ, నాకున్నది ఈ ఒక్క కొంపేనండి, మూసేసి నేనెక్కడికి పోనండీ అని ఇంకా ఏదో చెప్పబోయింది. దుర్గాభవాని ఆగలేదు. ఈవిడా ఆ తాళం జాతే అని గొణుక్కుంటూ బండెక్కింది.

అలాంటి సమయంలో దొరికాడు శ్రీనివాసరావు. కొబ్బరి వ్యాపారి. కింద అంతా కొబ్బరికాయల గోడౌను, పైన ఒక వాటా. ఆయన కాపురం వేరేచోట. కాగితం ఇస్తే పైపైన చూసి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశాడు. పోయేవాళ్లు పోకుండా ఉంటారా చెల్లెమ్మా, ఇక్కడ చూసేదెవరు, కొబ్బరికాయలు తప్ప అన్నాడు. దుర్గాభవానికి సంతోషం రావలసింది పోయి అనుమానం వచ్చింది. అడిగిన ధరకే చీర ఇచ్చేస్తే ఎక్కడ చిరుగుందోనని కొనేవాళ్లు తిప్పి తిప్పి చూస్తారు చూడండి, అలా ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. సంతకం నిజమే. షరతు మొత్తం ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు. ఇంత తేలిగ్గా అయిపోయేదానికి ఇన్నాళ్లూ ఎందుకు తిరిగినట్టు? ఆ కాగితం పట్టుకునే ఆదరాబాదరాగా పైకెక్కి, వాటా చూసి దిగొచ్చింది. రెండు గదులు, వంటిల్లు. ఏం చూసిందో అడిగితే చెప్పలేదు, ఆవిడ మనసంతా సంతకం మీదే ఉంది.

మూఢం ఇంక వచ్చేస్తోంది, మంచిరోజు రేపే ఉందని అంజిబాబు తొందరపెట్టాడు. మర్నాడు పొద్దున్నే పాలు పొంగించేశారు. ఆయాసంతో అత్తని రెండుసార్లు ఎందుకు తిప్పాలి, సామానుతో దిగేరోజు ఎలాగూ వస్తుంది కదా అని బంగారమ్మని తీసుకురాలేదు. పాలు తూర్పుకి పొంగాయి. అంజిబాబు మంచిదే అన్నాడు. దుర్గాభవాని దణ్ణం పెట్టుకుని, కిందటేటి నుంచీ గుండెల మీదున్న బరువు దిగిందనుకుంది.

ధర్మరాజు దిండిలో ఒక్కరోజు సెలవు పెట్టి సామాను దించడానికి వచ్చాడు. మంచాలూ బీరువా పైకి పంపడానికి గోడౌను కూలీలు తాళ్లు తెచ్చారు. తాళ్లెందుకంటే మెట్ల మీంచి పట్టవండి అన్నారు. అప్పుడు ధర్మరాజు మెట్లవైపు చూశాడు. స్థలం లేక గోడ పక్కన కట్టిన ఇనుప మెట్లు అవి, నిలువు స్తంభం చుట్టూ గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. ఒక మనిషి ఎక్కితే ఇంకో మనిషి పక్కనుంచి దిగలేడు. ధర్మరాజు పెళ్లాం వైపు చూశాడు. దుర్గాభవాని సామాను లెక్క చూసుకుంటోంది.

అంతలో బంగారమ్మని ఎక్కించుకుని అంజిబాబు ఆటోలో వచ్చాడు. ఆవిడ దిగకుండానే తలెత్తి ఆ మెట్లని చూసింది. ధర్మరాజు, ఒక కూలీ కలిసి ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. మొదటి మలుపు దగ్గరే కుర్చీ కాళ్లు ఊచల్లో ఇరుక్కున్నాయి. పైకి పోదు, పక్కకి తిరగదు. బంగారమ్మకి ఆయాసం ఎక్కువై కొడుకు చొక్కా గుప్పిట పట్టేసుకుంది. దించండ్రా అంది. దించారు. ధర్మరాజు వీపున ఎక్కించుకుంటానన్నాడు. రెండడుగులు వేసేసరికి తల్లి మోకాళ్లు ఊచలకి కొట్టుకున్నాయి. మళ్లీ దించాడు.

గోడౌనులోంచి శ్రీనివాసరావు వచ్చాడు. అయ్యయ్యో అని నొచ్చుకున్నాడు. ఇదివరకున్నవాళ్లంతా పడుచువాళ్లు చెల్లెమ్మా, పరిగెత్తుకుంటూ ఎక్కేవారు, పెద్దావిడుందని నువ్వు చెప్పేవు గానీ నాకూ తట్టలేదన్నాడు. దుర్గాభవాని ఆ మెట్లకేసి అలాగే చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు తట్టింది ఆవిడకి. కూర్చున్న మనిషే పైకి ఎక్కకపోతే, పడుకున్న మనిషి కిందికెలా దిగుతుంది? పాడె ఆ మలుపు తిరుగుతుందా? ఓనరుని అదే అడిగింది. శ్రీనివాసరావు ఒకసారి మెట్లనీ, ఒకసారి ఆవిడ చేతిలో కాగితాన్నీ చూశాడు. అతని మొహంలో మోసం లేదు. అతనికీ నిజంగానే అయోమయంగా ఉంది.

"ఏమో చెల్లెమ్మా, ఆ వాటాలో ఇప్పటిదాకా ఎవరూ పోలేదు. ఇంట్లో ఉంచుకోవచ్చని రాసేరు, నేను కాదన్లేదు. దింపడం సంగతి అందులో రాయలేదు కదమ్మా."

బీరువాని ఎలా దింపుతారని ధర్మరాజు అడిగాడు. తాళ్లతో అన్నాడు కూలీ. ఆ మాట అని, చేతిలో తాడు కింద పడేశాడు.

దుర్గాభవానికి బుర్ర తిరిగిపోయింది. ఇంత తిరిగి, ఇంత అడిగి, పసుపునీళ్లు జల్లించుకుని సంపాదించిన హక్కు ఇదా? ఉంచుకోవచ్చు గానీ దింపడానికి లేదు. పోనీ ఎక్కడానికైనా ఉందా అంటే అదీ లేదు. లాయరుగారికి ఫోను చేద్దాం, షరతు మార్పిద్దాం, ఇటువైపు వేరే మెట్లు వేయమందాం, చెక్క నిచ్చెన కట్టిద్దాం అని నోటికొచ్చినవన్నీ అనడం మొదలుపెట్టింది. ధర్మరాజు చెయ్యి పట్టుకుంటే విదిలించింది. అప్పుడు కుర్చీలోంచి బంగారమ్మ పిలిచింది.

"ఇలా రావే భవానీ. నేను చచ్చేక ఎక్కడ పడుకోబెట్టాలని ఊరంతా అడిగేవంట కదా?"

దుర్గాభవాని అంజిబాబు వైపు చూసింది. అత్త చెవిన పడకూడదని ఎంత జాగ్రత్తపడింది. అంజిబాబు ఎటో చూస్తున్నాడు, ఎవరు మోశారో వేరే చెప్పక్కర్లేదు.

"బతికుండగా ఎక్కడ కూర్చోబెట్టాలని ఒక్కళ్లనైనా అడిగేవా?"

లేదు. ఒక్కళ్లనీ అడగలేదు. దుర్గాభవాని కాళ్ల దగ్గర కూర్చుని, అలా కాదత్తా, మావయ్య సంగతి నువ్వు చూళ్లేదా, రోడ్డు మీద, ఆ వానలో, దిక్కులేనివాడిలాగా అని ఇంకా ఏదో అనబోయింది.

బంగారమ్మ ఊపిరి తీసుకోడానికి ఆగింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"మీ మావకి ఆ వాన తెలీదే. తడిసింది నేను. పొద్దుటేల నుంచి పచ్చి మంచినీళ్లు లేకుండా ఆ కాలవ పక్కన కూర్చున్నాను. లోపలికొచ్చి కూర్చో అని ఆ ఓనరూ అన్లేదు, ఎవరూ అన్లేదు. గొడుగు ఆయన మీదకి జరుపు, ఆయన మీదకి జరుపు అన్నారు. నువ్వూ అదే అన్నావు."

నిజమే. అంది. అత్తా, మావయ్య మొహం తడుస్తోంది, గొడుగు సరిగ్గా పట్టు అని తనే అరిచింది. ఆ మాట అన్నట్టు గుర్తుంది గానీ, అన్నప్పుడు గొడుగు పట్టుకున్న మనిషి వంక చూసినట్టు గుర్తులేదు. ఆవిడ తల మీంచి నీళ్లు కారుతూ ఉండి ఉంటాయి, చీర ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది. ఏడాదంతా తాళాన్నే తలుచుకుంది గానీ ఈవిణ్ణి తలుచుకోలేదు. దుర్గాభవాని అత్త మోకాళ్ల మీద తల పెట్టి, కూలీలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది. బంగారమ్మ కోడలి తల మీద చెయ్యి వేసి, ఏడిచింది చాల్లే, నాకు ఎండ కొడుతోంది, ఈ ఊళ్లో కింద వాటాలే లేవా అని అడిగింది.

కాలవ పక్కది ఇంకా ఖాళీగానే ఉందక్కా అన్నాడు అంజిబాబు మెల్లిగా. మళ్లీ వెంటనే నసిగాడు. పాలు ఇక్కడ పొంగించేశాం, మళ్లీ అక్కడ పొంగించొచ్చో లేదో, మూఢం రేపే, పంతులుగారిని అడగాలేమో అన్నాడు. ఇంత జరిగాక కూడా అతని బెంగ పాల మీదే. పాలు రెండిళ్లలో పొంగితే రెండు చోట్లా తాగుతాం లేరా అంది బంగారమ్మ. పైకి చేరిన సామాను మళ్లీ తాళ్లతో దింపించే పని ధర్మరాజు మీద పెట్టి, మిగిలినవాళ్లు ఆటోలో బయల్దేరారు. శ్రీనివాసరావు పాపం, కాగితం వెనక్కి ఇమ్మనైనా అడగలేదు.

పద్మావతి గేటు దగ్గరకొచ్చి వీళ్లని చూసి కంగారుపడింది. ముసలావిడ ఆయాసం చూసి, ఏమీ అడక్కుండానే లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆటోలోకే అందించింది. బంగారమ్మ తాగి, గ్లాసు ఇస్తూ, ఇల్లు ఇస్తావా తల్లీ అని అడిగింది. నా కోడలు నీకో కాగితం చూపించిందంట, దానికి భయపడ్డావంట, నిజమే చెప్పు, నేను పోతే ఈ గేటు తీస్తావా తియ్యవా అని తనే అడిగేసింది.

పద్మావతి గేటు పట్టుకుని చెప్పింది.

"తీస్తానంటే అబద్ధమవుద్దండి మామ్మగారూ. తియ్యనన్నా అబద్ధమేనండి. ఆ పూటకి నాకు ధైర్యం ఉంటాదో, భయం వేస్తాదో నాకే తెలీదండి."

దుర్గాభవానికి మళ్లీ అంతా అయోమయమైపోయింది. ఒకాయన ఇచ్చిన మాట తాళమైంది. ఇంకొకాయన పెట్టిన సంతకం ఇనుప మెట్లయింది. ఈవిడ మాటా ఇవ్వదు, సంతకమూ పెట్టదు, తెలీదంటోంది. దీన్ని పట్టుకుని ఏం చెయ్యాలి? ఏ లాయరు దగ్గరికెళ్లి, తెలీదన్న మనిషి ఇంట్లో దిగచ్చా అండీ అని అడగాలి? భయం ఎక్కడికీ పోలేదు, గుండెల్లోనే ఉంది. చేతిలో మడత నలిగిన కాగితం ఉంది. వెనకాల ఆటోలో అత్త, కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని, ఇంకో ఊపిరి కోసం చూస్తోంది.

మళ్లీ ఆ పాత ప్రశ్నే అడుగుదామని దుర్గాభవాని నోరు తెరిచింది. అడగలేకపోయింది. గేటు అవతల వరండా వైపు చూసింది. మొన్న వచ్చినప్పుడు ఈ వరండాని చూసినట్టే లేదు.

"మా అత్త పగలంతా అక్కడ కూర్చుంటే మీకేమైనా ఇబ్బందాండీ?" అని అడిగింది. మళ్లీ ఆగి, "వానొస్తే జల్లు లోపలికి కొడుతుందాండీ?" అంది.

పద్మావతి వెనక్కి తిరిగి వరండాని చూసుకుంది.

"ఆయ్, గాలివాటుకి కొంచెం కొడుతుందండి. అప్పుడు కుర్చీ ఇటు లోపలికి జరుపుకుందామండి."

దుర్గాభవాని ఆటో దగ్గరకెళ్లి అత్తకి చెయ్యందించింది.